పునాది గుంత దగ్గర పురావస్తు పర్యవేక్షణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత ఊళ్లలో కొత్త కట్టడాల కోసం నేల తవ్వేటప్పుడు జరిగే పురావస్తు పర్యవేక్షణ గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. ఉత్తరాలను క్లుప్తపరిచి, పంపినవారి పేర్లు తొలగించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మేము ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని యార్క్ నగరంలో స్థిరపడ్డాం. ఇంటి వెనుక వంటగదిని పెంచుకోవడానికి కౌన్సిలు అనుమతి ఇచ్చింది గానీ, పునాది తవ్వుతున్నంతసేపూ పురావస్తు నిపుణుడు దగ్గరుండి చూడాలనీ, ఆ ఖర్చు మేమే పెట్టుకోవాలనీ షరతు విధించింది. దీనిని ఇక్కడ వాచింగ్ బ్రీఫ్ అంటున్నారు. మాది కోటా కాదు, చర్చీ కాదు, మామూలు ఇల్లు. చిన్న గుంతకు ఇంత తతంగం ఎందుకండీ? (ఒక పాఠకురాలు, యార్క్)

జవాబు: మీ ఇల్లు మామూలుదే కావచ్చు, దాని కింద ఉన్న నేల మాత్రం మామూలుది కాదమ్మా. క్రీ.శ. 71లో రోమన్ సైన్యం అక్కడ కోట కట్టుకున్న నాటి నుంచి యార్క్‌లో జనావాసం సాగుతూనే ఉంది. రోమన్లు ఎబొరాకం అని పిలిచిన ఆ పట్టణంలో తరువాత ఆంగ్లియన్లు ఉన్నారు, 866లో వైకింగులు దానిని పట్టుకున్నారు, ఆ తరువాత నార్మన్లు వచ్చారు. ప్రతి తరమూ వెనుకటి తరం కూలిన గోడల మీద, పారబోసిన చెత్త మీద ఇళ్లు కట్టుకోవడం వల్ల నగరం నడిబొడ్డున కొన్నిచోట్ల ఆ పొరల మందం అనేక మీటర్లకు చేరింది. పైగా అక్కడి నేల తేమగా ఉండి గాలి చొరనివ్వదు కనుక, మామూలుగా కుళ్లిపోవలసిన కర్ర, తోలు, గుడ్డ, గింజలు కూడా వెయ్యేళ్ల తరువాత చెక్కుచెదరకుండా దొరుకుతున్నాయి.

1979లో బ్రిటన్ పార్లమెంటు చేసిన పురాతన కట్టడాల, పురావస్తు ప్రాంతాల చట్టం కింద కాంటర్‌బరీ, చెస్టర్, ఎక్సెటర్, హెరెఫర్డ్, యార్క్ అనే ఐదు పట్టణాల పాత భాగాలను ప్రత్యేక పురావస్తు ప్రాంతాలుగా గుర్తించారు. ఆ హద్దుల్లో నేలను కదిలించే పని చేయదలచినవారు, కొన్ని మినహాయింపులు పోను, 6 వారాల ముందే కౌన్సిలుకు నోటీసు ఇవ్వాలి. అయితే మీకు ఎదురైన షరతుకు నేరుగా మూలం ఈ చట్టం కంటే ప్లానింగు విధానంలోనే ఉంది. 1989లో లండన్‌లో ఒక కార్యాలయ భవనం కోసం తవ్వుతుండగా షేక్‌స్పియర్ కాలపు రోజ్ నాటకశాల పునాదులు బయటపడ్డాయి. వాటిని కాపాడాలని నటులు, ప్రేక్షకులు, పండితులు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. ఆ గొడవ చల్లారకముందే, 1990లో, ప్రభుత్వం ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. కట్టడం వల్ల భూమిలోని ఆధారాలకు నష్టం కలుగుతుందనుకుంటే ముందుగా పరీక్షించాలని, తప్పనిసరై నష్టం జరిగేచోట వాటిని నమోదు చేసే బాధ్యత, ఖర్చు కట్టేవారివేనని అందులో స్థిరపరిచారు. తరువాత ఆ పత్రం స్థానంలో వేరే విధాన పత్రాలు వచ్చినా ఆ సూత్రం నేటికీ చెల్లుతోంది.

మీ ఇంటి దగ్గర ఏం జరుగుతుందో కూడా చెబుతాను. మీరు నియమించుకున్న పురావస్తు సంస్థ ముందుగా ఒక పని ప్రణాళిక రాసి కౌన్సిలులోని పురావస్తు అధికారి ఆమోదం తీసుకుంటుంది. ఆ ఆమోదం రాకముందు మీ కాంట్రాక్టరు ఒక్క పార మట్టి కూడా తీయకూడదు. తవ్వే రోజున యంత్రానికి పళ్లున్న బకెట్ కాకుండా అంచు సాపుగా ఉండేది తగిలించమంటారు, ఎందుకంటే పళ్లు గీరిన నేలలో మట్టి రంగు ఎక్కడ మారిందో కనిపించదు. యంత్రం పలుచగా ఒక్కొక్క పొర తీస్తూ పోతుంటే నిపుణుడు గుంత అడుగునూ పక్కలనూ చూస్తుంటాడు. చుట్టూ ఉన్న మట్టికంటే నల్లగా గుండ్రని మచ్చ కనిపిస్తే అది పాత చెత్తగుంతో, స్తంభం నిలిపిన గుంతో కావచ్చు. అప్పుడు యంత్రాన్ని ఆపించి, తాపీతో శుభ్రం చేసి, కొలబద్ద పెట్టి ఫోటో తీసి, బొమ్మ గీసి, లోతు కొలిచి, ఒక్కొక్క పొరకు ఒక్కొక్క సంఖ్య వేసి నమోదు చేస్తాడు. ఏ పొర దేనిని కోసుకుంటూ పోయింది, దేని మీద పడి ఉంది అన్నదే ఆయన ప్రధానంగా తేల్చేది. దొరికిన పెంకు ఏ పొరలోదో తెలియకపోతే, దారం తెగి కలగలిసిపోయిన తాటాకుల కట్టలోని ఒక ఆకు లాగా అది ఏదో చెబుతుంది గానీ ఎక్కడి మాటో తెలియదు.

చాలా ఇళ్ల దగ్గర తోటమట్టి, విక్టోరియన్ కాలపు ఇటుక ముక్కలు తప్ప ఏమీ దొరకవు. అప్పుడు కూడా నివేదిక రాసి నగరపు చారిత్రక పర్యావరణ రికార్డుకు అందజేస్తారు. ఏమీ దొరకలేదన్న సమాచారానికీ విలువ ఉంది. రోమన్ కాలపు వీధి మీ పెరటిదాకా రాలేదని తేలడం ఆ నగర పటాన్ని గీసేవారికి అక్కరకొచ్చే సంగతే. ఒకవేళ మనిషి ఎముకలు కనిపిస్తే పని ఆపి, వాటిని కదపడానికి న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు తీసుకోవాలి. 300 ఏళ్లకు పైబడిన బంగారు, వెండి వస్తువులు దొరికితే 1996 నాటి నిధి చట్టం ప్రకారం 14 రోజులలోగా కరోనరుకు, అంటే ఇలాంటి నిధులపై విచారణ జరిపే అధికారికి, తెలియజేయాలి. ముఖ్యమైన కట్టడమే బయటపడితే పునాది నమూనా మార్చి దానిని భూమిలోనే కాపాడే వీలుందేమో ముందు చూస్తారు. 1991లో యార్క్ కోసం తయారైన అధ్యయనం, ఏ స్థలంలోనైనా కొత్త కట్టడం పూడి ఉన్న పొరలలో 5 శాతానికి మించి పాడుచేయరాదని సూచించింది. అందువల్లనే అక్కడి పెద్ద భవనాలకు పునాది స్తంభాలు ఎన్ని, ఎక్కడ దించాలన్నది కూడా చర్చకు వస్తుంది.

ఈ కాపలా వల్ల ఏం ఒరుగుతుందో మీ నగరమే చూపించింది. కాపర్‌గేట్ వీధిలో 1976 నుంచి 1981 వరకు యార్క్ పురావస్తు ట్రస్టు తవ్వకాలు జరిపి వైకింగుల నాటి ఇళ్లను, పనిశాలలను వెలికితీసింది. మీరు చూసే ఉండే జోర్విక్ ప్రదర్శనశాల అక్కడే 1984లో తెరుచుకుంది. ఆ తవ్వకాలు ముగిశాక, 1982 మే నెలలో, ఆ హద్దుకు బయట దుకాణ సముదాయం కోసం నేల తవ్వుతున్నప్పుడు యంత్రం బకెట్‌కు ఏదో గట్టిగా తగిలింది. నడిపే వ్యక్తి రాయేమో అనుకున్నా, ఆపి, దిగి చూశాడు. అది ఎనిమిదో శతాబ్దపు ఆంగ్లియన్ యోధుడి శిరస్త్రాణం. దాని మీది ఇత్తడి పట్టీలో ఓషెరె అనే పేరుతో లాటిన్ ప్రార్థన చెక్కి ఉంది. ఇప్పుడది యార్క్‌షైర్ మ్యూజియంలో ఉంది. ఏళ్ల తరబడి సాగిన తవ్వకానికి అందనిది, కట్టడపు పని జరుగుతున్న చోట ఒక మనిషి ఆగి చూడటం వల్ల దక్కింది. మీ కాంట్రాక్టరుకు కూడా ముందే ఈ సంగతి చెప్పి, పురావస్తు నిపుణుడు వచ్చే రోజులకు తగినట్టుగా తవ్వకాన్ని ఒకేసారి పెట్టుకోమనండి. విడతలు విడతలుగా తవ్వితే ఆయన అన్నిసార్లు రావాలి, మీకు ఖర్చు పెరుగుతుంది.

ప్రశ్న: మాది అమరావతి. దీపాలదిన్నెకు, అంటే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బకు, దగ్గరలో తాతలనాటి పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకోవాలనుకుంటున్నాం. మన దేశంలో కూడా పైన చెప్పినలాంటి పర్యవేక్షణ ఉంటుందా? మేము ఎవరి అనుమతి తీసుకోవాలి? (ఒక పాఠకుడు, అమరావతి, పల్నాడు జిల్లా)

జవాబు: ముందు చట్టం సంగతి. 1958 నాటి పురాతన కట్టడాల, పురావస్తు స్థలాల, అవశేషాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత స్థలం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దానికి ఆవల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాన్ని స్తూపం మధ్య నుంచి కాకుండా రక్షిత స్థలం హద్దు నుంచి కొలుస్తారు. చాలామంది ఇక్కడే పొరబడి, ఇల్లు సగం లేచాక నోటీసు అందుకుంటున్నారు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతులు, పునరుద్ధరణ మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. కనుక మీ ఇల్లు మొదటి 100 మీటర్లలో ఉంటే దానిని పడగొట్టే ముందే ఆగండి. పడగొట్టాక అక్కడ తిరిగి కట్టుకునే హక్కు మీకు మిగలకపోవచ్చు. నియంత్రిత ప్రాంతంలోనైతే సమర్థ అధికారికి, అంటే ఈ అనుమతుల కోసం చట్టం కింద నియమించిన అధికారికి, దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన 15 రోజుల్లో దానిని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలని, ఆ సంస్థ 2 నెలల్లో తన అభిప్రాయం చెప్పాలని, ఆపై నెల రోజుల్లో అధికారి నిర్ణయం తెలపాలని చట్టంలో ఉంది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మీ ఊరిలో రక్షిత స్థలం ఒక్కటేనని అనుకోకుండా, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ స్థానిక కార్యాలయంలో పటం చూసి దూరం నిర్ధారించుకోండి.

ఇక మీ మొదటి ప్రశ్నకు జవాబు నిరాశ కలిగించేదే. యార్క్‌లో లాగా ప్రతి పునాది గుంత దగ్గరా నిపుణుడు నిలబడే ఏర్పాటు మన దగ్గర లేదు. మన చట్టం ప్రధానంగా నేల మీద కనిపించే కట్టడాన్ని, దాని చుట్టూ గీసిన వలయాన్ని చూస్తుంది. నా అభిప్రాయంలో అదే దాని పెద్ద లోటు. 299వ మీటరు దగ్గర కిటికీ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది, 301వ మీటరు దగ్గర నేలమాళిగ కోసం ఇరవై అడుగుల లోతు తవ్వినా అడిగేవారుండరు. మీ స్తూపం ఒంటరిగా నిలిచిన కట్టడం కాదు. దాని పక్కనే శాతవాహనుల నాటి ధాన్యకటకం ఉండేది. నేటి ధరణికోటలో 1960ల తొలినాళ్లలో జరిగిన తవ్వకాలలో నదికి సంబంధించిన కాలువ, దాని ఒడ్డున పడవలు ఆగే రేవు ఆనవాళ్లు బయటపడ్డాయి. స్తూపం దగ్గర 1970లలో జరిగిన తవ్వకాలు అక్కడి జనావాసాన్ని మౌర్యుల కాలం దాకా తీసుకువెళ్లాయి. అటువంటి నగరం 300 మీటర్ల గీత దగ్గర ఆగిపోతుందా?

కట్టడపు పనులు పురావస్తువులకు ఏం చేస్తాయో అమరావతికి తెలిసినంతగా మరే తెలుగు ఊరికీ తెలియదు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నెను తవ్వి ఇటుకలు, రాళ్లు తీశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకెంజీ ఆ సంగతి తెలిసి వచ్చి చూశాడు. తిరిగి 1816లో వచ్చి తన బృందంతో బొమ్మలు గీయించి, కొలతలు తీయించాడు. ఆ మధ్య కాలంలో ఎన్నో పలకలు కొత్త కట్టడాల్లోకి వెళ్లిపోయాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. ఆ తరువాత 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో స్థలమంతా ఒక్కసారిగా తవ్వి ఖాళీ చేశారు. మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రవేత్త బర్జెస్ వచ్చేసరికి మధ్యలో పెద్ద గొయ్యి మిగిలింది. పలకలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి గానీ, ఏ పలక ఏ దిక్కున, ఏ ఎత్తున ఉండేదో పండితులు నేటికీ ఊహించుకోవలసి వస్తోంది. మెకెంజీ బృందం గీసిన బొమ్మలే లేకపోతే ఆ ఊహకూ ఆధారం ఉండేది కాదు. రాయి దొరికినా దాని చోటు పోయింది. మీ పునాది గుంతలో జరగకూడనిది సరిగ్గా ఇదే.

చట్టం అడగకపోయినా మీరు చేయగలిగింది ఉంది. తవ్వే తేదీని పురావస్తు శాఖకు ముందే ఉత్తరం ద్వారా తెలియజేసి, వీలైతే ఎవరినైనా పంపమని కోరండి. దగ్గరలోని విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల అధ్యాపకులు, విద్యార్థులు పిలిస్తే వచ్చే అవకాశం ఉంది. ఎవరూ రాకపోతే మీరే గుంత నాలుగు పక్కలా పారతో చెక్కించి, నిలువుగా స్కేలు పెట్టి, మట్టి పొరలు కనిపించేలా ఫోటోలు తీయించండి. పెద్ద ఇటుక కనిపిస్తే పొడవు, వెడల్పు, మందం రాసిపెట్టండి. శాతవాహనుల నాటి ఇటుకలు నేటి ఇటుకలకంటే చాలా పెద్దవి కనుక పోల్చడం కష్టం కాదు. మన పల్లెల్లో పాత ఊరి దిబ్బల నుంచి పాటిమట్టి అని పొలాలకు తోలుకుపోయే మట్టి ఇలాంటి పొరలదే. దానిలో బూడిద, ఎముక ముక్కలు, పెంకులు కలిసి ఉండటం వల్లనే అది ఎరువుగా పనికొస్తుంది. మీ పెరట్లో అలాంటి మట్టి కనిపిస్తే జేసీబీని పక్కన పెట్టి పారతో తవ్వించడం మంచిది.

ప్రశ్న: మా వైపు పునాదుల్లో పాత నాణేలు, రాతి బొమ్మలు అప్పుడప్పుడు దొరుకుతాయి. చెబితే ప్రభుత్వం స్థలమే లాగేసుకుంటుంది, గుట్టుగా పూడ్చేయండి అంటున్నాడు మా తాపీ మేస్త్రి. నిజమేనా అండీ? (ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా)

జవాబు: నిజం కాదు. ఈ భయం వల్ల చేజారినవి ఎన్నో ఉంటాయి కనుక వివరంగా చెబుతాను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే, అది ఏమిటో, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ చట్టం నిధిని లాక్కోవడానికి చేసింది కాదు. దొరికినవారికీ, స్థలం సొంతదారుకూ ఏ హక్కులున్నాయో విచారించి తేల్చే పద్ధతి అందులో ఉంది, ప్రభుత్వం వస్తువును తీసుకోదలచుకుంటే డబ్బు చెల్లించాలని కూడా ఉంది. దాచిపెట్టినవారే ఆ హక్కు పోగొట్టుకుంటారు, శిక్షకూ గురవుతారు. ఇక స్థలం విషయానికి వస్తే, ఒక చోటును జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించాలంటే 1958 చట్టం ప్రకారం ప్రభుత్వం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ గడువులో మీరు అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఒక నాణెం దొరికినంత మాత్రాన ఇల్లు పోదు.

దొరికిన బొమ్మను చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి చెట్టు కింద నిలబెట్టడం మన ఊళ్లలో జరుగుతుంటుంది. భక్తిని నేను తప్పు పట్టను. తోమడం మాత్రం వద్దు, ఎందుకంటే రాతి మీద మిగిలిన పాత రంగు, సున్నం, శాసనాక్షరాల అంచులు తోమితే పోతాయి. నాణేల ముద్ద దొరికితే విడదీయకుండా, ఉన్న కుండలోనే, మట్టితో సహా తహసీల్దారు గారి ద్వారా అప్పగించండి. ఎవరైనా కొంటామని వస్తే అమ్మకండి. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల వ్యాపారానికి 1972 నాటి పురావస్తువుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

ప్రశ్న: నేను పురపాలక సంఘంలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. కోట పక్క వీధుల్లో మురుగు కాలువలు, మంచినీటి పైపులు వేయిస్తుంటాం. ఇళ్లవాళ్లకున్న నియమాలు ఈ పనులకూ వర్తిస్తాయా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మీరు అడగడమే నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. 2010 సవరణలో కట్టడం అనే మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి మురుగు కాలువలు, ప్రజల కోసం వేసే నీటి సరఫరా పనులు, విద్యుత్ సరఫరా పనులు మినహాయించారు. కోట చుట్టూ నివసించే జనానికి నీళ్లు, పారిశుధ్యం అందకుండా పోకూడదన్న ఆ ఉద్దేశం న్యాయమైనదే. వరంగల్ కోట లోపల కూడా కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, వారికీ కుళాయి కావాలి. అయితే రక్షిత స్థలపు హద్దు లోపల తవ్వాలంటే అదే చట్టంలోని మరో నిబంధన కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఈ మినహాయింపు అక్కడ మిమ్మల్ని కాపాడదు.

మినహాయింపు వర్తించే వీధుల్లో ఒక విచిత్రం ఉంది. ఒక ఇంటి పునాది ఒక చోటే నేలను తాకుతుంది. కాలువ గుంత మాత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఊరి పొరలన్నిటినీ నిలువునా కోసి చూపిస్తుంది. కాకతీయుల రాజధాని వీధులు ఎటు సాగాయో, మట్టికోటకూ రాతికోటకూ మధ్య ఎక్కడ ఇళ్లుండేవో, ఎక్కడ చెరువు నీళ్లు నిలిచేవో తెలుసుకోవడానికి ప్రత్యేకంగా తవ్వితే ఎంతో ఖర్చయ్యే కోతను మీ శాఖ ఏటా ఉచితంగా వేస్తోంది, సాయంత్రానికి పూడ్చేస్తోంది. దానిని చూసి రాసుకునే మనిషి ఒక్కరుంటే చాలు.

మనవాళ్లకు ఇది చేతకానిదేమీ కాదు. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, ఇక్ష్వాకుల నాటి విజయపురి కట్టడాలను నమోదు చేసి, కొన్నింటిని కొండమీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం కిందికి పోవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. అంత పెద్ద పనులకు అప్పట్లో డబ్బు, మనుషులు సమకూరినప్పుడు, వీధి కాలువకు ఒక పరిశీలకుడిని సమకూర్చడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. టెండరు షరతుల్లో రెండు వాక్యాలు చేర్పించే అధికారం మీ పై అధికారులకు ఉంది. తవ్వకం తేదీని వారం ముందుగా రాష్ట్ర పురావస్తు శాఖకూ, కేంద్ర సర్వేక్షణ సంస్థ కార్యాలయానికీ తెలియజేయాలన్నది మొదటిది. చెక్కిన రాయి, ఇటుక గోడ, ఎముకలు కనిపిస్తే ఆ చోట తవ్వడం ఆపి, కాంట్రాక్టరు మిగతా వీధిలో పని సాగించుకోవచ్చని, ఆగినందుకు గడువు జరిమానా వేయబోమని రెండోది. ఈ రెండోది తప్పకుండా రాయించండి. జరిమానా భయం ఉన్నంతకాలం ఏ కాంట్రాక్టరూ తనంతట తాను చెప్పడు. పాత పైపు ఉన్న గుంతలోనే కొత్త పైపు వేయగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడి నేల ఇదివరకే కదిలిపోయింది, కొత్తగా పోయేది తక్కువ.